దాచిపెట్టడం వేరు, కాపాడుకోవడం వేరు

నేను అమెరికాలో, మినియాపోలిస్‌లో ఉన్న రోజుల్లో మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు. మెయిన్‌ఫ్రేముల మీద ముప్ఫై ఏళ్ళ అనుభవం, ఇంట్లో 1970ల నాటి మోటార్‌సైకిల్. ఏటా నవంబరు మొదట్లో ఒక శనివారం పూర్తిగా ఆ బండికే ఇచ్చేసేవాడు. ట్యాంకులో పెట్రోలు పాడవకుండా ఏదో మందు కలిపేవాడు, కార్బ్యురేటర్ ఖాళీ చేసేవాడు, బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకునేవాడు, సిలిండర్లో కాస్త ఆయిల్ వేసి, సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి, పైన కవర్ కప్పేవాడు. మళ్ళీ ఏప్రిల్లో మంచు కరిగాక ఇంకో శనివారం, అవన్నీ వెనక్కి. రెండో కిక్కుకో మూడో కిక్కుకో బండి లేచేది. సోమవారం ఆఫీసుకొచ్చి ఆ సంగతి అందరికీ చెప్పేవాడు, మనవడు పుట్టినంత సంబరంగా.

నాకు నవ్వొచ్చేది. "మా హైదరాబాదులో ఈ గొడవే లేదు, మాకసలు చలికాలమే లేదు" అనేవాణ్ణి.

ఆ తర్వాత తెలిసొచ్చింది, మనకీ చలికాలం ఉందని. దాని పేరు ఆన్‌సైట్. నాది 2012లో మొదలై 2021 దాకా సాగింది.

సరే, అసలు సంగతికొస్తాను. మా ఇల్లు లాల్‌దర్వాజాలో. టీవీలో బోనాలు చూసేవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది, సింహవాహిని మహంకాళి గుడి ఉన్న బస్తీ. నాన్న విద్యుత్ బోర్డులో పనిచేసేవారు. 1979లో, అంటే నేను పుట్టక ముందే, ఒక యెజ్డీ 250 కొన్నారు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసిన బండి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో మళ్ళీ బళ్ళు వచ్చాయి గానీ అవి ఫోర్ స్ట్రోక్‌వి, ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు.

నాన్న బండికి సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. గేరుకీ కిక్కుకీ ఒకటే రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, లేకపోతే గేరు. తాళంచెవి చూస్తే ఎవరో మేకు మీద తల అతికించారా అనిపిస్తుంది. ఆ బండి మీద నాన్న రోజూ లాల్‌దర్వాజా నుంచి బయల్దేరి, చార్మినార్ చుట్టూ తిరిగి, గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్ మీదుగా మింట్ కాంపౌండ్‌లోని ఆఫీసుకి వెళ్ళేవారు. అప్పట్లో చార్మినార్ చుట్టూ బళ్ళు తిరిగేవి. నేను ఇంజనీరింగ్ చదివినన్నాళ్ళూ ఆ బండే నడిపాను. అంటే అది మా ఇంట్లో రెండు తరాలకి అన్నం పెట్టిన బండి అన్నమాట.

2012లో వెళ్తూ వెళ్తూ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, దాన్ని "జాగ్రత్త" చేశాను. శుభ్రంగా కడిగి, పాలిష్ పెట్టి, మెట్ల కింద నిలబెట్టి, ఖరీదైన కవర్ కొని కప్పాను. ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వొద్దని నాన్నకి గట్టిగా చెప్పాను.

ఆదివారం ఫోన్లలో నాన్న అడిగేవారు. "బండి ఉత్తగనే నిలవడ్డదిరా. పక్కింటి పిల్లగాడు వారానికోసారి తీసి తిప్పుతా అంటుండు, ఇయ్యనా?"

"వద్దు నాన్నా, వాడు పాడుచేస్తాడు."

"నిలవడ్డ బండే పాడైతదిరా. తిరిగే బండికేమైతది?"

"నేనొచ్చి చూసుకుంటాలే."

రెండు మూడేళ్ళు అడిగి, ఆ తర్వాత అడగడం మానేశారు. నేను మాత్రం ఆ బండిని కాపాడుతున్నాననే అనుకున్నాను. నాకు దాని మీద ఎంత ప్రేమంటే, ల్యాప్‌టాప్ తెర మీద కూడా దాని ఫోటోనే ఉండేది. ప్రేమంతా ఫోటో మీద, దుమ్మంతా బండి మీద.

2021లో తిరిగొచ్చాను. వచ్చాక కూడా వెంటనే ముట్టుకోలేదు. కాపురం నల్లగండ్లలో, బండి లాల్‌దర్వాజాలో. ఈ రిలీజ్ అయిపోనీ, ఈ క్వార్టర్ గడవనీ అంటూ 2024 వచ్చేసింది. లెక్కేస్తే పన్నెండేళ్ళు.

పన్నెండేళ్ళు నిలబడ్డ బండి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇది తెలియకపోవడం వల్లే నాలాంటివాళ్ళు కవర్ కప్పి నిద్రపోతారు.

పెట్రోలు నీళ్ళలాంటిది కాదు, ఉంచితే ఉండదు. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది, మిగిలింది జిగురవుతుంది. ఆ జిగురు కార్బ్యురేటర్లోని జెట్లలో గట్టిపడుతుంది. జెట్ అంటే సూది మొనంత రంధ్రం, అది పూడుకుపోతే ఇంజనుకి తిండి లేదు. సగం ఖాళీ ట్యాంకులో మిగతా సగం గాలి ఉంటుంది, ఆ గాలిలో తేమ ఉంటుంది, రాత్రుళ్ళు అది ట్యాంకు గోడలకి పట్టి తుప్పవుతుంది. ఇప్పుడైతే పరిస్థితి ఇంకాస్త ఇబ్బంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం దాకా వచ్చాం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక ఆ నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. పాత బళ్ళలోని రబ్బరు పైపులూ వాషర్లూ ఇథనాల్ కోసం చేసినవి కావు. రోజూ నడిపే బండికి ఇదంత పెద్ద సమస్య కాదు, వచ్చిన పెట్రోలు వచ్చినట్టే పోతుంది కాబట్టి. నిలబెట్టిన బండికే గండం.

ఇంకోటి టూ స్ట్రోక్‌కి ప్రత్యేకం. అందులో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకి రంధ్రాలుంటాయి, పిస్టనే వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. బండి ఆపినప్పుడు పిస్టన్ ఎక్కడ ఆగితే అక్కడ, ఏదో ఒక దారి తెరిచే ఉండే అవకాశం ఎక్కువ. పన్నెండు వానాకాలాల తేమ సైలెన్సర్ గుండా నేరుగా లోపలికి నడిచి వెళ్ళింది. మా మినియాపోలిస్ పెద్దాయన సైలెన్సర్ మూతికి గుడ్డ ఎందుకు కుక్కేవాడో నాకు అప్పుడర్థమైంది. అడగడానికి ఆయన పక్క క్యూబికల్లోనే ఉండేవాడు, ఏడేళ్ళు. అడగలేదు.

ఇక రబ్బరు సీళ్ళు. క్రాంక్ షాఫ్టుకి రెండు పక్కలా ఉంటాయి. ఆయిల్ తగులుతున్నంత కాలం మెత్తగా ఉంటాయి, తగలకపోతే ఎండి గట్టిపడతాయి. బ్యాటరీ చస్తుంది, కాంటాక్ట్ పాయింట్లకి చిలుము పడుతుంది, టైర్లు పగుళ్ళిస్తాయి, బ్రేకులు పట్టేస్తాయి. ఇందులో ఏ ఒక్కటీ వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాదు. అన్నీ వాడకపోవడం వల్ల వచ్చినవే.

ముందు మాదాపూర్ వైపు పాత బళ్ళని కొత్తగా చేసిచ్చే ఒక షాపుకి వెళ్ళాను. ఏసీ గది, గోడకి పోస్టర్లు. లక్షా అరవై వేలు అన్నారు. రంగు కొత్తది, క్రోమ్ కొత్తది, సీటు కొత్తది. ఇంజను సంగతేమిటంటే, "అది తర్వాత చూద్దాం సార్" అన్నారు. మన ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా, ముందు యూఐ మార్చేద్దాం, వెనకాల ఉన్నది తర్వాత చూద్దాం. దండం పెట్టి బయటికొచ్చాను.

నాన్న మొఘల్‌పురాకి పొమ్మన్నారు. ఎనభైల నుంచీ మా బండి చూసిన ఉస్తాద్ అక్కడ ఒక గల్లీలో ఉంటారు. వెళ్తే షట్టర్ సగం దించి ఉంది. చాచాకి డెబ్భై దాటాయి, చేతులు వణుకుతున్నాయి, పనులు ఒప్పుకోవడం మానేశారు. కొడుకు సౌదీలో ఏసీ మెకానిక్, మనవడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టింది నన్ను కాదు, బండిని. "కరెంట్ ఆఫీస్ వాలే కీ యెజ్డీ? కిక్ మారే క్యా?" అని అడిగారు.

గొప్పగా చెప్పాను, పొద్దున ఒక నలభై సార్లు కొట్టానని.

చాచా నుదురు కొట్టుకున్నారు. "బారా సాల్ సే సోరా సో ఆద్మీ కు లాత్ మార్కే ఉఠాతే క్యా, బేటా?" పన్నెండేళ్ళుగా నిద్రపోతున్న మనిషిని కాలితో తన్ని లేపుతారా అని. తుప్పు పట్టిన సిలిండర్లో ఎండు పిస్టన్‌ని నలభై సార్లు ఈడ్చాను మరి. నా పేరు పక్కన ఇంజనీర్ అని రాసి ఉంటుంది.

"నా చేతులు పనికిరావు, నీ చేతులు పెట్టు, నేను చెప్తా" అన్నారు. అలా ఆరు ఆదివారాలు. నా ఉద్యోగంలో నేను తీసుకున్న కేటీల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు. స్లైడ్లు లేవు, రికార్డింగ్ లేదు. ఒక స్టూలు మీద చాచా, నేల మీద నేను.

మొదటి ఆదివారం కేవలం ప్లగ్గు విప్పి, సిలిండర్లో కాస్త టూటీ ఆయిల్ పోసి, ఇంటికి పంపించేశారు. వారం నానాలి. రెండో వారం బండిని గేర్లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపమన్నారు. పిస్టన్ కదిలింది. కిక్కు మాత్రం ఇంకా కొట్టనివ్వలేదు.

మూడో వారం ట్యాంకు. పాత పెట్రోలు తీస్తే వార్నిష్ వాసన, రంగు టీ డికాక్షన్. ట్యాంకులో డీజిల్ పోసి, గుప్పెడు నట్లు వేసి, మూత బిగించి ఊపడమే. నేనూ చాచా మనవడూ చెరోపక్క పట్టుకుని గంటన్నర ఊపాం. లోపలి నుంచి తుప్పు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. రబ్బరు పైపూ పెట్రోలు కాక్ వాషర్లూ పుత్లీబౌలీలో కొన్నాను.

కార్బ్యురేటర్ దగ్గర ఇంకో అక్షింత పడింది. జెట్ రంధ్రం శుభ్రం చేయడానికి నేను గుండుసూది తీశాను. చాచా చెయ్యి పట్టుకున్నారు. జెట్ ఇత్తడిది, సూది ఉక్కుది. ఉక్కు పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఇక జీవితాంతం ఆ బండి ఎక్కువ పెట్రోలు తాగుతుంది. పాత వైరు ఒలిచి అందులోంచి ఒక్క రాగి పోగు తీసిచ్చారు. మెత్తది, మురికిని తోస్తుంది, ఇత్తడిని గీయదు. ఈ ముక్క నేను చదివిన ఏ వీడియో కింద వ్యాఖ్యలోనూ లేదు. ఉంటే నాకు కనబడలేదు.

నాలుగో వారం పాయింట్లు సన్నటి పాలిష్ పేపరుతో రుద్ది, గ్యాప్ సరిచేసి, కొత్త ఆరు వోల్టుల బ్యాటరీ పెట్టి, ప్లగ్గుని సిలిండర్ హెడ్డుకి ఆనించి చూస్తే చిన్న నీలం స్పార్క్. నేను ఎగిరి గంతేశాను. లీటరుకి నలభై ఎమ్మెల్ లెక్కన ఆయిల్ కలిపిన కొత్త పెట్రోలు సీసాలో పోసిచ్చి, "ఇంటికెళ్ళి అబ్బా ముందు స్టార్ట్ చెయ్యి" అన్నారు చాచా.

ఇక్కడ నాన్న గురించి ఒక మాట చెప్పాలి. 2012లో నేను వెళ్ళేటప్పటికి నాన్నకి వంటింట్లో కుక్కర్ విజిల్ వీధిలోకి వినబడేది. గత నాలుగైదేళ్ళుగా వినికిడి బాగా తగ్గింది. మెషిన్ పెట్టుకుంటే అన్ని చప్పుళ్ళూ ఒకటే మోతగా వస్తాయని తీసి జేబులో పెట్టుకుంటారు. బండి బాగుచేస్తున్నానంటే ఆయన అడిగింది ఒక్కటే, "చప్పుడు మునుపటి లెక్కనే ఉంటదా?" అని.

ఆ సాయంత్రం మా గల్లీలో ఐదో కిక్కుకి బండి లేచింది. తెల్లటి పొగ, పిల్లల కేకలు, మా ఆవిడ చేతిలో ఫోను, వీడియో. నేను యాక్సిలరేటర్ తిప్పుతున్నాను, నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. మొహంలో ఏ కదలికా లేదు. అప్పుడర్థమైంది నాకు, ఆయనకి వినబడటం లేదు. రెండడుగుల దూరంలో రెండు సైలెన్సర్ల బండి మోగుతుంటే వినబడటం లేదు.

కాసేపటికి లేచి వచ్చి అరచెయ్యి ట్యాంకు మీద పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. ఒక అర నిమిషం. తర్వాత నాకేసి చూసి, "బంద్ చెయ్యిరా" అన్నారు.

"ఏమైంది నాన్నా?"

"యాక్సిలేటర్ ఇడిస్తే దిగాలె గద. దిగుతలేదు. ఎక్కడ్నో హవా తీస్కుంటుంది. ఇట్లనే తిప్పినవంటే బోరుకు పట్టేస్తది."

నేను వీడియో మళ్ళీ చూసుకున్నాను. నిజమే. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను స్పీడు దిగడానికి నాలుగైదు సెకన్లు పడుతోంది. నేను దాన్ని హుషారు అనుకున్నాను! టూ స్ట్రోక్‌లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ షాఫ్టు ఉండే గదిలోకి వెళ్తుంది. ఆ గదికి కాపలా పైన చెప్పిన రబ్బరు సీళ్ళే. అవి ఎండిపోతే బయటి గాలి దొంగదారిన వస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది, ఇంజను వేడెక్కి, చివరికి పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుపోతుంది. చెవులు పనిచేసే నాకు తెలియనిది, నాన్న అరచేతికి తెలిసింది. ముప్ఫై ఏళ్ళు నడిపిన చెయ్యి అది.

మర్నాడు చెప్తే చాచా నవ్వి, "తేరే అబ్బా కో ముఝే దిఖానే కీ జరూరత్ ఇచ్ నై థీ" అన్నారు, మీ నాన్నకి నా అవసరమే లేదని. ఇంజను విప్పాం. సీళ్ళు అప్పడాల్లా ఉన్నాయి, కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద తుప్పు మచ్చలు. సామాన్లు దొరకడానికి, లేత్ పనికి ఇంకో నెలన్నర పట్టింది. అన్నీ కలిపి పంతొమ్మిది వేలు. తన వాటా ఎంతంటే చాచా రెండు వేలు అన్నారు. ఆరు వారాల శ్రమకి! క్లయింటుకి మా కంపెనీ నా గంటకి ఎంత బిల్లు వేస్తుందో గుర్తొచ్చి సిగ్గేసింది. బేరమాడే అలవాటున్న నోరు మొదటిసారి ఎదురు బేరమాడింది, ఎక్కువ తీసుకోమని.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. అందుకే కదా ఇదంతా.

మనం ఒక వస్తువుని దాచిపెట్టి, కాపాడుతున్నామని అనుకుంటాం. ఈ రెండూ వేరు. దాచిపెట్టడానికి ఒక రోజు చాలు. కాపాడుకోవడానికి ప్రతి వారం కావాలి. దాచిపెట్టడంలో ప్రేమ ఉంటుంది, పని ఉండదు. కాపాడుకోవడం అంతా పనే. పైగా ఆ పని కంటికి కనబడదు, సరిగా జరిగినంత కాలం ఏమీ జరగనట్టే ఉంటుంది.

మన వృత్తిలో దీనికో పేరుంది, మెయింటెనెన్స్. అందరూ తప్పించుకోవాలని చూసే పేరు. "సపోర్ట్ ప్రాజెక్టా? అయ్యో పాపం" అంటాం. కొత్తగా కట్టినవాడికి అవార్డు, ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నదాన్ని రాత్రి రెండింటికి లేచి నిలబెట్టినవాడికి "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్". హైదరాబాదులో మనలో ఎంతమందికి అమెరికా దారి చూపించింది వైటూకే పనేనో మర్చిపోయాం. అది కొత్తగా కట్టిన పని కాదు, పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోట నాలుగంకెలు సరిచేసిన పని. 2020 ఏప్రిల్లో కరోనా వచ్చి నిరుద్యోగ భృతికి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడిగారు, కోబాల్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి సాయం చేయండని. దశాబ్దాలుగా నడుస్తున్న సిస్టములు, నడిచినంత కాలం వాటిని నడిపేవాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ పట్టలేదు. మొఘల్‌పురాలో సగం దించిన షట్టర్ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. యంత్రం తుప్పు పడితే రుద్దొచ్చు. దాన్ని ఎరిగిన మనిషి పోతే ఏ రాగి పోగుతో తెస్తాం?

మా బస్తీకి కూతవేటు దూరంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. చార్మినార్ 1591 నాటిది. దాని నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. వాటికి మనిషి పైకెక్కి చేత్తో కీ ఇవ్వాలి. ఒక్క వారం ఎవరూ ఎక్కకపోతే అవి బొమ్మలు. కింద ఫోటోలు తీసుకునేవాళ్ళం వేలమందిమి, కీ ఇచ్చే మనిషి ఎవరో మనకి తెలియదు. కట్టడం కూడా అంతే. 2019 మేలో వానకి ఒక మినారు నుంచి సున్నపు నగిషీ పెచ్చు ఊడి కింద పడింది. అది పడ్డ రోజు పేపర్లో వచ్చింది. పడకుండా ఏళ్ళ తరబడి సున్నం పూసినవాళ్ళ గురించి ఏ రోజూ రాలేదు.

మీలో కొందరికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. టూ స్ట్రోక్ పొగ సంగతేమిటి? ఊరికి మంచిది కాని బండిని బతికించడం దేనికి? న్యాయమైన ప్రశ్న. టూ స్ట్రోక్‌లో కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, దాంతోపాటు ఆయిలూ. పాతది కాబట్టి పవిత్రం అని నేను అనను. చార్మినార్ చుట్టూ బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేయడం మంచి పనే, నాన్న రోజూ తిరిగిన దారిలో ఇప్పుడు ఆ బండి వెళ్ళలేదు, వెళ్ళకూడదు కూడా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో యాభై ఏళ్ళు దాటిన, అసలు రూపం మారని బళ్ళని వింటేజ్‌గా నమోదు చేసి, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ వాడకానికి వద్దన్నారు. సబబే. మా బండికి ఆ హోదా రావడానికి 2029 దాకా ఆగాలి, అప్పటిదాకా మామూలు బండిలాగే ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్, పొల్యూషన్ కాగితం. వారానికి ఏడెనిమిది కిలోమీటర్లు నడపడానికీ, రోజూ ఆఫీసుకి నడపడానికీ తేడా ఉంది. నేను మొదటిది చాలంటున్నాను. ఆ ఏడెనిమిది కిలోమీటర్లు లేకపోతే మాత్రం అది బండి కాదు, ఇనుము.

ఆన్‌సైట్‌కి వెళ్ళబోతూ ఇంట్లో నాన్నదో తాతదో బండి ఉన్నవాళ్ళకి నా అనుభవం నాలుగు ముక్కల్లో:

ఒకటి, నడిపే మనిషి దొరికితే దాచకండి, తాళంచెవి ఇచ్చి వెళ్ళండి. గీత పడితే పడనీండి.

రెండు, ఎవరూ దొరక్కపోతే ట్యాంకూ కార్బ్యురేటరూ పూర్తిగా ఖాళీ చేసి, ట్యాంకు లోపల ఆయిల్ తిప్పి వదలండి. సగం ట్యాంకు అన్నిటికన్నా చెడ్డది.

మూడు, బ్యాటరీ విప్పేయండి, సిలిండర్లో కాస్త ఆయిల్ వేసి, సైలెన్సర్ మూతులు మూసేయండి. టైర్ల మీద బరువు పడకుండా సెంటర్ స్టాండ్ వేసి, నేలకి ఆనే చక్రం కింద చెక్క పెట్టండి.

నాలుగు, తిరిగొచ్చాక కిక్కు కొట్టకండి. ముందు ప్లగ్గు విప్పండి, తెలిసినవాళ్ళని అడగండి. అడిగాక వాళ్ళు చెప్పిన దానికంటే కాస్త ఎక్కువే ఇవ్వండి.

రెండోసారి బండి లేచిన రోజు నాన్న మళ్ళీ ట్యాంకు మీద చెయ్యి పెట్టారు. ఈసారి చాలాసేపు. "ఇప్పుడు మంచిగున్నది" అన్నారు. మునుపటి చప్పుడే ఉందా అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ చప్పుడు ఆయనకి వినిపించగలిగిన ఏళ్ళన్నీ మెట్ల కింద కవర్ కప్పి భద్రంగా దాచింది నేనే. చాచా కూడా వాటిని బాగుచేయలేరు.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఆరింటికి, బజార్లు తెరవకముందే, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్ళొస్తాను. రిలీజులు, ప్రయాణాలు ఉంటే నేను రాలేను. అందుకని బుధవారాలు పక్కింటి పిల్లగాడికి అప్పజెప్పాను. పిల్లగాడంటే పిల్లగాడేం కాదు, బ్యాంకులో పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. పోయిన నెల ఎవరి ఆటోకో రాసుకుని వెనక మడ్‌గార్డు మీద జానెడు గీత పెట్టుకొచ్చాడు. వచ్చి చెప్పడానికి తెగ ఇబ్బంది పడ్డాడు పాపం. ఏం పర్లేదు, వచ్చే బుధవారం కూడా తియ్యి అన్నాను.